కుల్లాయి నుంచి కోటు దాకా: తెలుగు పురుషుల ఆహార్యం, కొలువు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పురుషుని ఉద్యోగజీవితంలో రూపానికీ వేషానికీ ఉన్న పాత్ర నేటి కార్పొరేటు సంస్కృతితో మొదలైనది కాదు. 15వ శతాబ్దపు రాజాస్థానాల నుంచి 20వ శతాబ్దపు కచేరీల వరకు తెలుగు పురుషుడు కొలువు కోసం తన తలకట్టును, జుట్టును, పాదరక్షలను మార్చుకుంటూ వచ్చాడు. ఆ మార్పులను రాజాస్థానం, సైన్యం, కచేరీ, నిజాం రాజ్యం అనే నాలుగు కొలువుల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వేషం కొలువులోకి ప్రవేశాన్ని నిర్ణయించినంతగా ఆ కొలువులో రాణింపును నిర్ణయించలేదనీ, ఆ ప్రవేశమైనా అన్ని కులాలవారికీ ఒకే విధంగా దక్కలేదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆహార్యం, కుల్లాయి, తలపాగా, శేర్వాణీ, కొలువు, కచేరీ, కన్యాశుల్కం, కులం.

1. ఉపోద్ఘాతం

‘ఉద్యోగం పురుషలక్షణం’ అనేది తెలుగునాట తరతరాలుగా వినిపిస్తున్న మాట. ఉద్యోగం పురుషునికి లక్షణమైతే, ఆ ఉద్యోగానికి తగిన లక్షణాలు పురుషునిలో ఏవి ఉండాలన్న ప్రశ్న దాని వెంటే వస్తుంది. విద్య, నడవడి, వంశం, సిఫారసు అనే సమాధానాలు సులభంగానే దొరుకుతాయి. కంటికి అన్నిటికంటే ముందు కనిపించే రూపం, వేషం మాత్రం ఈ జాబితాలో చాలాకాలం చేరలేదు. మగవాని అందం గురించి మాట్లాడటం చిన్నతనమన్న భావన ఇందుకు ఒక కారణం కావచ్చు.

అర్థశాస్త్రవేత్తలు ఈ విషయాన్ని లెక్కల్లోకి తెచ్చి మూడు దశాబ్దాలు దాటింది. డేనియల్ హామర్‌మెష్, జెఫ్ బిడిల్ 1994లో అమెరికా, కెనడాల సర్వేల ఆధారంగా ప్రచురించిన పరిశోధనాపత్రం ప్రకారం, చూపరులు అనాకారులుగా భావించినవారి సంపాదన సగటు రూపం ఉన్నవారి సంపాదన కంటే 5 నుంచి 10 శాతం తక్కువ. ఈ ప్రభావం స్త్రీలపై ఎంత ఉందో పురుషులపై కనీసం అంతే ఉందన్నది వారి మరో నిర్ధారణ. అయితే ఆ పరిశోధన ముఖాన్ని కొలిచింది. భారతీయ సమాజంలో, అందునా తెలుగు సమాజ చరిత్రలో, కొలువిచ్చేవాడు ముఖం కంటే ముందుగా చూసింది తలకట్టును, నుదుటిని, జుట్టును, కాళ్ళను. వీటిలో ప్రతి ఒక్కటీ కులాన్నో, మతాన్నో, విధేయతనో తెలిపే గుర్తు. కాబట్టి ఇక్కడ రూపం ప్రశ్న సౌందర్యశాస్త్రానికి చెందినది కాదు, అధికారానికి చెందినది.

తెలుగువారి వేషభాషలను సాహిత్యాధారాలతో చరిత్రగా మలచిన తొలి మహాప్రయత్నం సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. ఆ గ్రంథం ఏ కాలంలో జనం ఏమి ధరించారో చూపించింది. దానికి కొనసాగింపుగా మరో మూడు ప్రశ్నలు వేసుకోవలసి ఉంది. కొలువులో వేషాన్ని నిర్ణయించింది ఎవరు? దాని మూల్యం చెల్లించింది ఎవరు? వేషం మార్చుకున్నా లోపలికి రాలేకపోయింది ఎవరు? ఈ మూడు ప్రశ్నలే ప్రస్తుత వ్యాసానికి ఆధారం.

2. రాజాస్థానం: కుల్లాయి తొడిగిన కవి

కొలువు కోసం వేషం మార్చుకున్న తెలుగు పురుషుని గురించి మనకున్న ప్రసిద్ధ సాక్ష్యాల్లో శ్రీనాథునికి ఆపాదించే చాటుపద్యం ఒకటి. కొండవీటి రెడ్డిరాజుల వద్ద విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథుడు విజయనగరంలో ప్రౌఢదేవరాయల ఆస్థానప్రవేశానికి పడిన పాట్లను కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకున్నట్టు ఆ పద్యం సాగుతుంది. తలకు కుల్లాయి పెట్టుకోవడం, కోక చుట్టుకోవడం, పెద్ద కూర్పాసం తొడుక్కోవడం, ఆ తర్వాత తనకు రుచించని తిండి తినడం అందులోని ఫిర్యాదులు. చాటువు కనుక దాని కర్తృత్వాన్ని ఇదమిత్థమని తేల్చలేం. అయినా తెలుగు సమాజం ఆ పద్యాన్ని శతాబ్దాలుగా శ్రీనాథుని నోటి మాటగా గుర్తుంచుకుందన్నది వాస్తవం. కొలువు కోసం వేషం మార్చుకోవడమంటే ఏమిటో ఆ సమాజానికి అనుభవంలో ఉందనడానికి అదే నిదర్శనం.

ఆ ఫిర్యాదుల వరుస గమనించదగినది. తిండి కంటే ముందు బట్ట వస్తుంది. తిండి సర్దుబాటు ఊరిలో ఉండటానికి అవసరమైతే, బట్ట సర్దుబాటు గుమ్మం దాటడానికి అవసరం. గౌడడిండిమభట్టును వాదంలో ఓడించి కనకాభిషేకం పొందినది శ్రీనాథుని పాండిత్యమే అని సాహిత్యచరిత్ర చెబుతుంది. కానీ ఆ పాండిత్యాన్ని చూపే అవకాశం దొరకడానికి ముందు కుల్లాయి పెట్టుకోక తప్పలేదని చాటువు చెబుతుంది. ప్రవేశం వేషానిది, గెలుపు విద్యది. ఈ రెండింటి మధ్య తేడా ఈ వ్యాసంలో ముందుకు కూడా కొనసాగుతుంది.

అసలు ఆ కుల్లాయి, దానికి జతగా వచ్చే కబాయి స్థానికమైనవి కావు. పారశీక ‘కులాహ్’, అరబ్బీ ‘ఖబా’ శబ్దాల నుంచి దక్షిణాది భాషల్లోకి వచ్చిన పేర్లవి. విజయనగర ప్రభువులు ఇస్లామిక ప్రపంచపు రాజలాంఛనాలను తమ కొలువులోకి ఎలా స్వీకరించారో ఫిలిప్ వాగనర్ 1996లో ఒక విస్తృత వ్యాసంలో చర్చించారు. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ రెండవ దేవరాయలను పట్టు అంగీలో, ముత్యాల కంఠాభరణంతో చూసినట్టు రాశాడు. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రాల్లో, ఆలయ నిర్మాణానికి కారకులైన విరూపణ్ణ సోదరుల పరివారంలోని పురుషులు పొడవైన కుల్లాయిలతో కనిపిస్తారు. అంతర్జాతీయ వర్తకంతో, రాయబారాలతో ముడిపడిన ఆ కొలువులో కుల్లాయి, కబాయి నాటి ప్రపంచం గుర్తించే అధికారిక దుస్తులు. తర్వాతి కాలంలో కోటు పోషించిన పాత్ర అదే.

తిరుమల ఆలయంలోని శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహం ఈ విషయాన్ని మరో కోణంలో స్పష్టం చేస్తుంది. దేవేరులతో పాటు చేతులు జోడించి నిలిచిన రాయల తలపై కుల్లాయి ఉంది, ఒంటిపై కబాయి లేదు. కొలువులో శరీరాన్ని కప్పడం మర్యాద అయితే దైవం ఎదుట ఛాతీని కప్పకపోవడం మర్యాద. ఒకే మనిషి రెండు అధికారాల ముందు రెండు వేషాల్లో నిలిచాడు. రాయలను స్వయంగా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వర్ణన కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. రాయలు మధ్యస్థమైన ఎత్తు గలవారని, ముఖంపై మశూచి మచ్చలున్నాయని, తలపై జరీ టోపీ, కాళ్ళకు జోళ్ళు లేవని, రాజున్న చోటికి ఎవరూ చెప్పులతో ప్రవేశించరని అతడు రాశాడు. మశూచి మచ్చలు చక్రవర్తి ప్రతిష్ఠను తగ్గించలేదు. పాదరక్షల నియమం రాజుతో సహా అందరికీ వర్తించింది. ఈ రెండో విషయం మూడున్నర శతాబ్దాల తర్వాత పూర్తిగా తారుమారవుతుంది.

3. సైన్యం: ‘తిలంగా’ అయిన తెలుగువాడు

ఈస్టిండియా కంపెనీ దక్షిణాదిలో సిపాయిలను చేర్చుకోవడం మొదలుపెట్టాక వేషం ఉద్యోగపు షరతుగా మారింది. అంతవరకు వేషం ఆస్థాన సంప్రదాయం. ఇకపై అది రాతపూర్వకమైన ఉత్తర్వు. కంపెనీ పటాలాల్లో యూరోపియన్ తరహా ఎర్రకోటు తొడిగిన సిపాయిలకు ఉత్తరభారతంలో ‘తిలంగా’ అనే పేరు స్థిరపడింది. తెలుగు దేశంతో ముడిపడిన మాట అది. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ పత్రాల్లో తిరుగుబాటు సిపాయిలను సూచించేది ఈ మాటే. అప్పటికి ఆ సిపాయిల్లో అధికులు అవధ్, బీహారు ప్రాంతాలవారు. ఒక జాతి పేరు ఆ జాతిని వదిలి దుస్తులను పట్టుకుంది. మనిషి ఎవరన్నది వెనుకబడి, ఏమి తొడిగాడన్నది పేరుగా మిగిలింది.

వేషాన్ని ఉత్తర్వుగా మార్చడంలోని ప్రమాదం 1806లో వెల్లూరులో బయటపడింది. మద్రాసు సైన్యంలో 1805 చివర, 1806 ఆరంభంలో వచ్చిన కొత్త నిబంధనలు సిపాయిల నుదుటి బొట్లను, చెవిపోగులను నిషేధించాయి. గడ్డం గీయించాలని, మీసాన్ని ఒకే తీరుగా కత్తిరించాలని ఆదేశించాయి. తోలు అలంకారం ఉన్న కొత్త తలపాగాను ప్రవేశపెట్టాయి. తోలు స్పర్శ ఒక మతం వారికి, టోపీని పోలిన ఆకారం మరో మతం వారికి అభ్యంతరమైంది. ధరించడానికి నిరాకరించినవారికి కొరడా దెబ్బలు శిక్షగా పడ్డాయి. 1806 జూలై 10న వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. కోటలో ఉన్న టిప్పు కుమారుల పాత్ర, జీతాల అసంతృప్తి వంటి కారణాలను కూడా చరిత్రకారులు చర్చించారు. కానీ తక్షణ కారణం తలపాగా ఉత్తర్వే.

ఈ ఘటనకు తెలుగు నేలపై కూడా ప్రతిధ్వని ఉంది. అదే నెలలో హైదరాబాదులోని కంపెనీ సహాయక దళంలో ఇదే ఉత్తర్వుపై అలజడి రేగింది. అక్కడి సేనాధికారి మాంట్రెసర్ ఉత్తర్వును నిలిపివేసి ప్రమాదాన్ని తప్పించాడు. తర్వాత మద్రాసు ప్రభుత్వం నిబంధనలను రద్దు చేసింది. గవర్నరు విలియం బెంటింక్‌ను, సర్వసేనాని జాన్ క్రాడక్‌ను లండన్ వెనక్కి పిలిపించింది. జీతానికి శ్రమను అమ్ముకున్నవాడు నుదుటిని, మీసాన్ని కూడా అమ్ముకున్నట్టేనా అన్న ప్రశ్నకు వెల్లూరు కాదని సమాధానమిచ్చింది. ఉద్యోగి రూపంపై యజమానికి గల హక్కు ఎంతవరకన్న చర్చలో ఇది దక్షిణభారతపు తొలి పెద్ద ఘట్టం.

19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి రూపం మరో రకంగా ఉద్యోగాన్ని నిర్ణయించింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా, ఆ తర్వాత 1893 వరకు భారత సైన్యానికి అధిపతిగా పనిచేసిన ఫ్రెడరిక్ రాబర్ట్స్ దక్షిణాది సిపాయిలను యుద్ధానికి తగనివారిగా భావించాడు. ‘యుద్ధజాతులు’ అనే సిద్ధాంతం బలపడి, ఎత్తు, ఛాతీ, మేనిఛాయ, ‘పౌరుషం’ ఉట్టిపడే ముఖం వంటి లక్షణాలను జాతిలక్షణాలుగా చూపింది. కంపెనీ సిపాయికి తన పేరునిచ్చిన తెలుగువాడు ఆ సిద్ధాంతపు పట్టికలో కిందికి జారి, సైనికోద్యోగాలకు క్రమంగా దూరమయ్యాడు. వేషమైతే మార్చుకోవచ్చు, ‘జాతి రూపం’ అని ముద్ర పడ్డాక మార్చుకోవడానికి ఏమీ మిగలలేదు.

4. కచేరీ: పైన కోటు, కింద పంచె

సైన్యపు తలుపు మూసుకుపోతున్న కాలంలోనే కచేరీ తలుపు తెరుచుకుంది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం, 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడ్డాయి. గుమాస్తా, ఉపాధ్యాయుడు, ప్లీడరు, తహశీల్దారు అనే కొత్త మధ్యతరగతి రూపుదిద్దుకుంది. ఈ వర్గపు వేషానికి ఇంగ్లీషు ప్రభుత్వం నేరుగా ఒకే యూనిఫారం నిర్దేశించలేదు. బిళ్ళ బంట్రోతుకు మాత్రం ఆ స్పష్టత ఉంది. భుజం మీదుగా పట్టీ, దానిమీద ఇత్తడి బిళ్ళ చూసి జనం ప్రభుత్వాన్ని గుర్తుపట్టేవారు. చదువుకున్న ఉద్యోగి తన హోదాను తానే కనిపించేలా చేసుకోవలసి వచ్చింది.

ఇందులో పాదరక్షల చరిత్ర విలక్షణమైనది. 1854లో గవర్నర్ జనరల్ ప్రభుత్వం బెంగాల్‌లో యూరోపియన్ బూట్లు, మేజోళ్ళు ధరించే స్వదేశీయులు అధికారిక సమావేశాలకు వాటితోనే రావచ్చని అనుమతించింది. దేశీయ జోళ్ళు తొడిగినవారు మాత్రం వాటిని బయట విడవాలి. 1868, 1874 సంవత్సరాల్లో ఈ నియమాన్ని మరిన్ని సందర్భాలకు, న్యాయస్థానాలకు విస్తరించారు. రాయల కొలువులో చెప్పులు విడవడం రాజుతో సహా అందరికీ మర్యాద. ఇంగ్లీషు కచేరీలో అది దేశీయ జోళ్ళవారికి మాత్రమే మర్యాద. బూట్లు కొనగలిగినవాడు గౌరవాన్ని కూడా కొన్నట్టయింది. ఉద్యోగి ఇష్టంగా ఎంచుకున్నట్టు కనిపించే పాశ్చాత్యవేషం వెనుక ఇలాంటి నియమాల ఒత్తిడి ఉందన్నది విస్మరించరాదు.

తెలుగు ఉద్యోగి ఈ ఒత్తిడికి ఇచ్చిన సమాధానం ఒక రాజీ. పైన కోటు, కింద పంచె, తలపై పాగా. కందుకూరి వీరేశలింగం తరం ఛాయాచిత్రాల్లో కనిపించే వేషం ఇదే. ఇందులోని తర్కం సులభంగా బోధపడుతుంది. బల్ల వెనుక కూర్చున్న ఉద్యోగిలో అధికారికి కనిపించేది నడుము పై భాగం; అది కచేరీది. కింది భాగం ఇంటిది. తలపాగా రెండు పనులు చేసింది. అధికారి ఎదుట తల కప్పుకోవడం మర్యాద అయింది. పాగా కింద పిలక భద్రంగా ఉండటంతో అగ్రహారం ఎదుటా మర్యాద దక్కింది. క్రాపు వివాదాస్పదమైనది ఇందుకే. కోటు సాయంత్రానికి విప్పి కొక్కేనికి తగిలించవచ్చు. కత్తిరించిన జుట్టు ఇంటికి కూడా వెంట వస్తుంది.

ఈ రాజీ వేషమే తర్వాత కొందరిలో ఆత్మగౌరవచిహ్నంగా ఎదిగింది. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్ ఉపాధ్యక్షులుగా పనిచేశారు. 1936 నుంచి 1952 వరకు ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ ఆచార్యపదవిలో, 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతి పదవిలో ఉన్నారు. తెల్లని తలపాగా, పొడవైన కోటు, పంచె ఆయన రూపంలో విడదీయరాని భాగాలయ్యాయి. తొలితరం గుమాస్తా లొంగుబాటుగా కట్టిన పాగాను ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు విప్పనవసరం లేకపోయింది. అయితే ఆ స్వేచ్ఛ ఆయన పేరు స్థిరపడిన తర్వాత దక్కినదని గుర్తుంచుకోవాలి. వేషం విషయంలో మినహాయింపు ఎప్పుడూ కొత్తగా గుమ్మం ఎక్కేవాడికి దొరకదు.

5. నిజాం రాజ్యం: శేర్వాణీ, దస్తారు

మద్రాసు రాష్ట్రంలో ఉద్యోగి కోటు తొడుగుతున్న కాలంలో హైదరాబాదులోని ఉద్యోగి శేర్వాణీ తొడిగాడు. దర్బారుకు వెళ్ళేవారు తలకు దస్తారు, నడుముకు బగ్లూస్ అనే పట్టీ ధరించాలి. కచేరీకి, వీధికి రూమీ టోపీ చాలు. ఈ వేషానికి మతభేదం లేదు. తెలుగు, మరాఠీ, కన్నడ హిందూ ఉద్యోగులు, వకీళ్ళు, దేశ్‌ముఖులు శేర్వాణీనే పెద్దమనిషి దుస్తులుగా స్వీకరించారు. ఆరవ నిజాం ఆదరణ పొందిన లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాదు స్టూడియోలో తీసిన చిత్రాలు ఈ దర్బారీ రూపాన్ని ఆదర్శంగా స్థిరపరచాయి.

ఒకే దుస్తులు ధరించినంత మాత్రాన ఒకే గౌరవం దక్కిందా? 1884లో పారశీకం స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభలో గేలి చేశారు. ఆ అవమానమే ఆంధ్ర జనసంఘం పుట్టుకకు దారితీసింది. దర్బారు వేషంలో కలిసిపోవడం నేర్చుకున్న వర్గానికి, తన మాట వినిపించిన క్షణంలో ఎదురైన అనుభవం అది. వేషం కల్పించిన సమానత్వం నోరు తెరిచేవరకే నిలిచింది.

ఇక ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్వయంగా సాదా దుస్తులకు పేరుపడ్డారు. 1937 ఫిబ్రవరిలో ‘టైమ్’ పత్రిక ముఖచిత్రంగా ప్రపంచంలోనే మిక్కిలి సంపన్నునిగా పరిచయమైన ఆ ప్రభువు నలిగిన శేర్వాణీతో, పాత టోపీతో తిరగగలిగారు. ఆయన దర్బారులోని ఉద్యోగికి ఆ వీలు లేదు. వేషనియమం అధికారపు శిఖరం దగ్గర సడలి, కిందికి వచ్చేకొద్దీ బిగుస్తుంది.

6. సాహిత్యసాక్ష్యం: గిరీశం అప్పు, పార్వతీశం టోపీ

ప్రభుత్వ పత్రాలు నియమాలను చెబుతాయి. నియమం మనిషిపై ఎలా పనిచేసిందో సాహిత్యం చెబుతుంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో సమగ్రంగా మారిన రూపంలో వెలువడింది. అందులో గిరీశానికి ఉద్యోగం లేదు, ఆస్తి లేదు. ఉన్నవి ఇంగ్లీషు మాటలు, చుట్ట, ఆధునికుని హావభావాలు. నాటకారంభంలో అతని వెంటపడే అప్పుల్లో ఫొటో తాలూకు బాకీ ఒకటి. తన రూపాన్ని నిలుపుకోవడానికి కూడా అప్పు చేయవలసిన మనిషి అతడు. అయినా ఆ ఆధునికుని వాలకమే అతనికి అగ్నిహోత్రావధానుల ఇంట స్థానం సంపాదించి పెడుతుంది. కోర్టు వ్యాజ్యాల్లో మునిగిన అవధాన్లకు ఇంగ్లీషు తెలిసినవాడు ఇంట ఉండటమే లాభంగా కనిపిస్తుంది. ఇంగ్లీషు చదువును కొలిచే సాధనం లేని సమాజం వాలకాన్ని బట్టి చదువును అంచనా వేసింది. గిరీశం ఆ లోటును కనిపెట్టి బతికాడు.

అదే నాటకం చివర మధురవాణి పురుషవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. వేశ్యను గడప తొక్కనివ్వని వకీలుతో మాట్లాడటానికి ఆమెకు మగవేషం కావలసి వచ్చింది. ఆమె తెలివి మొదటి అంకం నుంచీ ఆమె దగ్గరే ఉంది. గడప దాటించినది వేషం. శ్రీనాథుని చాటువు చెప్పిన మాటనే గురజాడ మరింత పదునుగా చెప్పారు. కుల్లాయి పెట్టిన కవి విషయంలో ప్రశ్న ఏ ఆస్థానపు వేషం అన్నది; మధురవాణి విషయంలో ప్రశ్న పౌరజీవితానికి పురుషవేషమే అనుమతిపత్రం ఎందుకయిందన్నది.

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ తొలిభాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడు బారిష్టరు కావడానికి ఇంగ్లండు బయలుదేరి, దొరటోపీ అనుకుని దొరసాని టోపీ కొనడం తెలుగు పాఠకులను శతాబ్దకాలంగా నవ్విస్తోంది. ఆ నవ్వు అడుగున ఒక సామాజిక వాస్తవం ఉంది. వేషపు నియమాలు ఎక్కడా రాసి ఉండవు. ఆ నియమాల్లో పుట్టినవారికి అవి తెలుసు, బయటినుంచి వచ్చేవాడు నవ్వులపాలయ్యి నేర్చుకోవాలి. అప్పు గిరీశం చెల్లించిన మూల్యమైతే, అవమానం పార్వతీశం చెల్లించిన మూల్యం.

7. మార్చుకున్నా దాటలేని గడప

ఇంతవరకు చెప్పిన ఉదాహరణల్లో ఎక్కువమంది వేషం మార్చుకుంటే గడప దాటగలిగినవారు. అందరి స్థితీ అది కాదు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ తన జ్ఞాపకాల్లో బాల్యంలోని ఒక రైలుస్టేషన్ అనుభవాన్ని రాశారు. మసూరు స్టేషన్‌లో దిగిన పిల్లలు మంచి బట్టల్లో ఉండటంతో స్టేషన్‌మాస్టరు వారిని బ్రాహ్మణపిల్లలనుకుని ఆదరంగా పలకరించాడు. మహర్లమని చెప్పగానే అతని ముఖం మారిపోయింది, వెనక్కి తగ్గాడు. ఉన్నతవిద్య ముగించి విదేశాల నుంచి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరినప్పుడు కూడా ఆయనకు బస దొరకలేదు. పారశీ పేరుతో ఒక సత్రంలో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. వేషం, విద్య, ఉద్యోగం మూడూ ఉన్నా గడప దాటనివ్వలేదు.

దీనికి రెండో వైపు మరింత కఠినమైనది. మంచి వేషం వేయడమే నేరమైన సందర్భాలున్నాయి. ఇందూరు ప్రాంతంలో 1928 నాటికి బలాయీలపై అగ్రకులాలు విధించిన ఆంక్షల్లో జరీ అంచు తలపాగాలు చుట్టకూడదని, రంగు అంచు పంచెలు కట్టకూడదని ఉన్నట్టు అంబేద్కర్ ‘కులనిర్మూలన’లో ఉదాహరించారు. కొందరికి తలపాగా లేకపోవడం అమర్యాద. కొందరికి తలపాగా ఉండటం అపరాధం. తెలుగుకవి గుర్రం జాషువా ఒక పద్యంలో వ్యక్తం చేసిన వేదన కూడా ఈ కోవలోనిదే. కవిత్వాన్ని మెచ్చి దగ్గరికి వచ్చినవారు కులం తెలియగానే చప్పున లేచిపోయేవారు. వేషంతోనో విద్యతోనో సంపాదించిన గౌరవాన్ని కులప్రశ్న ఒక్కటి తుడిచివేసింది.

ఈ నేపథ్యంలో చూసినప్పుడు తెలుగు పల్లెల్లో నిలిచిన అంబేద్కర్ విగ్రహాల మీది సూటు, బూటు అర్థవంతమవుతాయి. అది పాలకుల అనుకరణ కాదు. కట్టుకోవద్దన్న బట్టను కట్టుకున్న మనిషి ప్రకటన.

దీనికి సమాంతరంగా మరో మార్గం నడిచింది. 1893లో డర్బన్ న్యాయస్థానంలో తలపాగా తీయమన్నప్పుడు గాంధీ తీయకుండా బయటికి నడిచారు. మద్రాసు రేవు నుంచి నేటాలుకు తరలిన తెలుగు, తమిళ ఒప్పందకూలీలు దొరల ఎదుట తలగుడ్డ తీసి నిలబడవలసిన నేల అది. 1921 సెప్టెంబరులో మదురైలో ఆయన కొల్లాయికి మారారు. అదే ఏడు టంగుటూరి ప్రకాశం లాభసాటి బారిష్టరు వృత్తిని, దానితో పాటు గౌనును వదిలి ఖద్దరు కట్టారు. ఖద్దరు అప్పుడు ఉద్యోగానికి అనర్హత. 1937లో కాంగ్రెసు మంత్రివర్గాలు ఏర్పడ్డాక అదే ఖద్దరు పదవికి అర్హతగా మారసాగింది. త్యాగానికి గుర్తుగా మొదలైన బట్ట పదేళ్ళు పదిహేనేళ్ళలో మరో కొలువు దుస్తులయింది. గాంధీ బట్ట విడిచి, అంబేద్కర్ బట్ట తొడిగి ఒకే వ్యవస్థను ప్రశ్నించారు. విడవడానికి ముందు ఆ బట్టపై హక్కు ఉండాలన్నది ఈ రెండు మార్గాల మధ్య అసలైన తేడా.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, కొలువులో వేషాన్ని నిర్ణయించినది ఎప్పుడూ కొలువిచ్చే అధికారమే. కుల్లాయి, ఎర్రకోటు, బూటు, శేర్వాణీ, ఖద్దరు వేర్వేరు అధికారాల ఆనవాళ్ళు. రెండవది, వేషం ప్రవేశాన్ని ఇచ్చింది కానీ రాణింపును ఇవ్వలేదు. అయితే ప్రవేశం లేనిదే రాణింపు లేదు కనుక ఆ మూల్యాన్ని తక్కువగా అంచనా వేయరాదు. ఆ మూల్యం అప్పుగా, అవమానంగా, వెల్లూరులో ప్రాణంగా చెల్లించినవారున్నారు. మూడవది, వేషం మార్చుకుంటే చాలన్నది కొందరికే వర్తించిన సూత్రం. జాతి, కులం అడ్డునిలిచిన చోట ఆ సూత్రం పనిచేయలేదు.

ఈ చరిత్రంతా నేటికీ ఒక నియమంలో మడతపెట్టి ఉంది. న్యాయవాదుల దుస్తులపై బార్ కౌన్సిల్ నిబంధనలు పురుషులకు నల్లకోటుతో పాటు చప్కన్, అచ్కన్, శేర్వాణీలను, ప్యాంటుతో పాటు పంచెను కూడా అనుమతిస్తాయి. మొగలు కొలువు, నిజాం దర్బారు, ఇంగ్లీషు కచేరీ, తెలుగు లోగిలి అందులో పక్కపక్కనే కనిపిస్తాయి. అనుమతి నాలుగింటికీ ఉన్నా న్యాయస్థానాల్లో సాధారణంగా కనిపించేది కోటు, ప్యాంటే. నియమం ఇచ్చిన స్వేచ్ఛను అలవాటు వెనక్కి తీసుకుంది.

నేటి ప్రాంగణ నియామకాల్లో గ్రామీణ కళాశాలల నుంచి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చే విద్యార్థులు ఎదుర్కొంటున్నది ఈ పాత ప్రశ్ననే. ‘వ్యక్తిత్వవికాసం’ పేరుతో టై కట్టుకునే తీరు, కూర్చునే తీరు నేర్పే శిక్షణ గడప దాటడానికి ఉపయోగపడవచ్చు. ఆ గడపను ఎవరు, ఎవరి కొలతలతో కట్టారో కూడా ఆ విద్యార్థికి తెలియాలి. లేనిపక్షంలో పార్వతీశం టోపీ చూసి నవ్విన సమాజం, ఎంపిక కాని విద్యార్థిలో లోపం వెతుకుతూ, తాను పెట్టిన కొలతను మాత్రం ప్రశ్నించకుండా మిగిలిపోతుంది. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రచనలో వేషాన్ని అలంకారప్రకరణంగా కాక ఉపాధి చరిత్రలో భాగంగా అధ్యయనం చేయవలసిన అవసరం ఇక్కడే ఉంది.